నల్లమలలో ఆగిన బస్సును చెవికి చూపించడం

దేవరకొండ నుంచి రాసిన తెలుగు సార్‌కు నమస్కారం. మీ బడి పిల్లలు రేడియో నాటకంలా చేసిన కథను మూడుసార్లు విన్నాను. మొదటిసారి ఇయర్‌ఫోన్లతో, రెండోసారి ఫోను బల్ల మీద పెట్టి, మూడోసారి కాగితం, పెన్ను పట్టుకుని. ఇది చదివే మిగతావాళ్ల కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. కథ 14 నిమిషాలు. శ్రీశైలం నుంచి వస్తున్న బస్సు రాత్రిపూట నల్లమలలో ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు, ఒక అవ్వ, ఇంటర్ చదివే అబ్బాయి, మొత్తం నాలుగు గొంతులు. తరగతి గదిలో ఫోనుతో రికార్డు చేసి, ఇంటర్నెట్‌లో దొరికిన 43 చప్పుళ్లు కలిపారు. ఎన్ని చప్పుళ్లు కలిపినా బడిలో పిల్లలు పాఠం చదువుతున్నట్లే ఉంది గానీ బస్సులో ఉన్నట్లు లేదన్నది మీ బాధ. 20,000 రూపాయల మైకు కొంటే బాగుపడుతుందా అని అడిగారు.

మైకు సంగతి ముందే తేల్చేస్తాను. ఇప్పుడు కొనకండి. మంచి మైకు మీ గది గోడల మోతను, పైన తిరిగే ఫ్యానును మరింత నాజూకుగా పట్టి ఇస్తుంది, అంతే. అందులో పదో వంతు ఖర్చుతో పిల్లలను ఒకరోజు నల్లమల అంచున ఉన్న మన్ననూరు దాకా బస్సులో తీసుకెళ్లి, కళ్లు మూసుకుని కూర్చోబెట్టి తీసుకొచ్చినా కథకు అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

అసలు జబ్బు ఎక్కడ ఉందో చెబుతాను. మొదటి సన్నివేశంలో కండక్టర్ పాత్ర వేసిన అబ్బాయి "డిండి వాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. కింద డీజిల్ ఇంజిన్ రొద పెడుతోంది, అద్దాలు దడదడలాడుతున్నాయి. అతను మాత్రం పక్క బెంచీలో ఉన్నవాడిని రబ్బరు అడిగినట్లు అడిగాడు. నిండు బస్సులో అలా అడిగే కండక్టర్‌కు ఒక్క టికెట్టు డబ్బులైనా రావు. వినేవాడు ఇంజిన్ చప్పుడును నమ్మడు సార్, మనిషి గొంతునే నమ్ముతాడు. ఆ గొంతు తరగతి గదిలో ఉంటే, మీరు కింద ఎన్ని ఇంజిన్లు నడిపినా వినేవాడు తరగతి గదిలోనే కూర్చుంటాడు.

చుట్టూ రొద ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. శ్రుతి కొంచెం పైకి పోతుంది, అచ్చులు సాగుతాయి. ఎత్యెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు దీని గురించి 1911లో రాశాడు, అందుకే ఇప్పటికీ దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. దీన్ని నటించమంటే పిల్లలు కేకలు పెడతారు. కేక వేరు, రొదలో మాట వేరు. అందుకని నటించమని చెప్పకండి. బస్సు చప్పుడు ఉన్న ఫైలును ఒక ఫోనులో పెట్టి, మాట్లాడే పిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, తమ మాట తమకు సరిగా వినపడనంత గట్టిగా వినిపించండి. చెవులు నొప్పి పుట్టేంత వద్దు, ఒక్కో టేకు (ఒక విడత రికార్డింగు) రెండు నిమిషాలు దాటనీయకండి. ఇయర్‌ఫోన్లలోంచి బయటికి పొక్కే చప్పుడు మైకుకు చేరకుండా చూసుకుంటే చాలు. గొంతులు వాటంతట అవే బస్సు ఎక్కుతాయి.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మీ కథలో ఇంజిన్ ఆగే ఘట్టంలో అవ్వ "నా సంచి ఎవరు జరిపారు బిడ్డా?" అని అడుగుతోంది కదా. ఆమె మాట మధ్యలో ఉండగా ఇయర్‌ఫోన్లలో చప్పుడును టక్కున ఆపేయండి. "జరిపారు" వరకు రొదకు తగ్గట్టు గట్టిగా వస్తుంది, "బిడ్డా" కూడా అదే జోరులో నిశ్శబ్దంలోకి దూసుకొచ్చి, సగంలో సిగ్గుపడి తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని ఏ దర్శకుడూ నేర్పలేడు. మీ డ్రైవర్ ఆ తర్వాత అంటున్న "అరే, బస్సు ఆగిపోయిందే!" అనే డైలాగును నిశ్చింతగా కొట్టేయవచ్చు.

ఈ సంగతి నాకు అనుభవం మీదే తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక నాటకంలో నాగార్జునసాగర్ దృశ్యం ఉండేది. డ్యాం గేట్లు ఎత్తారని తెలిసి, రికార్డరు భుజాన వేసుకుని నల్గొండ నుంచి బస్సెక్కి వెళ్లాను. మొత్తం 26 గేట్ల డ్యాం, నీళ్లు దూకుతుంటే గుండెల మీద తెలుస్తుంది. తుంపరలో తడుస్తూ పావుగంట రికార్డు చేశాను. రాత్రి ఇంటికొచ్చి గర్వంగా వినిపించాను. పక్క గదిలోంచి మా ఇంటావిడ అడిగిన ప్రశ్న, "పొయ్యి మీద నూనె పెట్టి మరిచిపోయారా?" నిజమే. అన్ని శ్రుతుల ధ్వనులూ ఒకేసారి కలిసిన రొదలో జలపాతం, బాణలి, టీవీలో బొమ్మ పోయినప్పటి చుక్కల హోరు అన్నీ చెవికి ఒకటే. కన్ను పక్కన లేకపోతే తేడా తెలియదు. చివరికి ఆ దృశ్యాన్ని నిలబెట్టింది ఇద్దరు నటులు. మూడడుగుల దూరంలో ఉండి కూడా "ఏమన్నావు?" అని ఒకరినొకరు రెండోసారి అడిగించుకున్నారు. నీళ్ల చప్పుడు వెనకాల సన్నగా ఉంచాం. అప్పుడు అది సాగర్ అయింది.

ఇక దూరం. మీ రికార్డింగులో నలుగురూ మైకుకు ఒకే దూరంలో ఉన్నారు. డ్రైవర్ సీట్లో ఉన్నవాడు, చివరి సీట్లో అవ్వ, కిందికి దిగి టైరు చూస్తున్న కండక్టర్, అందరూ చెవిలోనే మాట్లాడుతున్నారు. దూరాన్ని తర్వాత కంప్యూటర్‌లో వాల్యూం తగ్గించి తెద్దామనుకున్నారు. అలా రాదు. గదిలో మనిషి దూరంగా జరిగితే అతని గొంతు తగ్గుతుంది గానీ గోడలకు తగిలి తిరిగొచ్చే మోత దాదాపు అంతే ఉంటుంది. ఆ రెండింటి నిష్పత్తిని బట్టే చెవి దూరాన్ని కొలుస్తుంది. వాల్యూం తగ్గిస్తే రెండూ కలిసి తగ్గుతాయి, చెవికి వినిపించేది దగ్గరగా ఉండి మెల్లగా మాట్లాడే మనిషి.

మా రోజుల్లో రేడియో నాటకాల స్టూడియోలో రిబ్బన్ మైకు ఉండేది. దానికి ముందు, వెనక మాత్రమే చెవులు, పక్కలకు చెవుడు. ఎదురెదురుగా ఇద్దరు నిలబడి మాట్లాడుకోవచ్చు. దూరం నుంచి నడిచి వచ్చే పాత్ర పక్క వైపు నిలబడి మొదలుపెట్టి, మాట్లాడుతూ ముందు వైపుకు తిరిగేది. రెండడుగులు వేస్తే చాలు, రేడియో దగ్గర కూర్చున్నవాళ్లకు వీధి చివర నుంచి వచ్చినట్లు ఉండేది. మైకు చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీతలు గీసుకునేవాళ్లం. మీ పిల్లలకూ గీతలు గీయండి. కొలతలు మనవే: జానెడు, మూరెడు, బారెడు. మనసులో అనుకునే మాట జానెడు దూరంలో. పక్క సీటుతో మాట్లాడేది మూరెడు దూరంలో. బస్సు ఆ చివర నుంచి వచ్చేది బారెడు దూరంలో, తల కొంచెం పక్కకు తిప్పి. బస్సు దిగి టైరు దగ్గర ఉన్నవాడు గది బయట వరండాలో నిలబడి, వీపు మైకుకు పెట్టి అరవాలి, తలుపు ఓరగా తెరిచి ఉండాలి. ఆ అబ్బాయి వరండాలోంచి లోపలికి నడుస్తూ మాట్లాడితే బస్సు మెట్లెక్కి వచ్చినట్లే ఉంటుంది. ఖర్చు సుద్దముక్క.

సందేహం ఉంటే మీ చుట్టుపక్కల ఎక్కడైనా ఒగ్గు కథ జరిగినప్పుడు కళ్లు మూసుకుని వినండి. ప్రధానంగా కథ చెప్పే మనిషి ఒక్కడే. భుజం ఇటు తిప్పితే రాజు, అటు తిప్పితే బంటు, నాలుగడుగులు వెనక్కి వేస్తే అడవిలోంచి పిలుపు.

గది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు అనుకున్నాను గానీ మీ రికార్డింగులో సగం కష్టం అక్కడే ఉంది. సిమెంటు గోడలు ఎదురెదురుగా, నల్లబల్ల, ఇనుప బెంచీలు, రేకు కిటికీలు. చప్పట్లు కొట్టి చూడండి, చప్పట్టు తర్వాత సన్నగా కంచు మోగినట్లు ఉంటుంది. బస్సు లోపల అలాంటి మోత ఉండదు, సీట్లు, మనుషులు, మూటలు దాన్ని మింగేస్తాయి. తరగతి గదిని వదిలేసి చిన్న గది చూసుకోండి. పరుపులు గోడకు నిలబెట్టండి. గొంగళ్లు దొరికితే ఇంకా మంచిది. దక్కన్ గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన ముతక గొంగడి దళసరిగా, బరువుగా ఉంటుంది. దాన్ని గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడంగా దండెం మీద వేలాడదీస్తే మోతను బాగా తాగుతుంది. మైకు వెనక ఒకటి, మాట్లాడేవాళ్ల వెనక ఒకటి, మొత్తం రెండు చాలు. మాట్లాడేవాళ్ల వెనకది ముఖ్యం, చాలామంది అది మరిచిపోతారు.

నా జీవితంలో దొరికిన అత్యుత్తమ స్టూడియో మా బంధువుల ఇంట్లో పత్తి గది. నల్గొండ వైపు రైతులకు తెలుసు, ధర వచ్చేదాకా ఇంట్లోనే ఒక గదిలో పత్తి పోసి ఉంచుతారు. మూడు గోడల నడుం ఎత్తు వరకు పత్తి. లోపలికి వెళ్లి మాట్లాడితే మాట పెదవి దాటగానే రాలిపోయినట్లు ఉండేది, హైదరాబాద్‌లో డబ్బు పోసి కట్టిన గదుల్లో కూడా అంత నిశ్శబ్దం వినలేదు. ముగ్గురం తుమ్ముతూ రెండు రోజుల్లో నాటకం పూర్తి చేశాం. పిల్లలను మాత్రం అందులో కూర్చోబెట్టకండి, దుమ్ము ఎక్కువ, నిప్పు భయం ఉంటుంది. సంగతి అర్థం కావడానికి చెప్పాను.

ఫ్యాను ఆపండి. ఎండాకాలం అయితే తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టండి, ఆరింటికల్లా మోటార్లు, లౌడ్‌స్పీకర్లు, పాలవాళ్ల బండ్లు మొదలవుతాయి. కరెంటు పోయిన సమయం మాకు పండగ: ఫ్రిజ్, వీధి దీపం చోక్ రెండూ ఒకేసారి నోరు మూస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది కాబట్టి తీగల దగ్గర మైకు పెడితే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర గుంయిమనే శబ్దం దిగుతుంది. ఎలాగూ 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా గొంతు ట్రాకుల్లోంచి (ఎడిటింగులో గొంతులు పేర్చే వరుసలు) తీసేయాలి. మగ గొంతుకు కూడా అక్కడ పెద్దగా పని లేదు.

ఫోనుతో రికార్డు చేయడం తప్పు కాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ధ్వనిని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ ఫార్మాట్ ఎంచుకోండి, శాంపిల్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ అంకె) 44,100 లేదా 48,000 హెర్ట్జ్ ఏదైనా ఫర్వాలేదు గానీ అన్ని ఫైళ్లకూ ఒకటే ఉంచండి. గొంతు గట్టిగా వచ్చినప్పుడు మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ (ధ్వని గట్టితనం కొలత, ఇక్కడ సున్నాయే పై హద్దు) మధ్య ఆడాలి. సున్నాకు తగిలిందా, ఆ టేకు పోయినట్లే, ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు. చాలా ఫోన్లు ఎవరూ మాట్లాడనప్పుడు తమంతట తామే మైకు స్థాయిని పెంచేస్తాయి. మీ ఫైల్లో ప్రతి వాక్యం తర్వాత గాలి హోరు అలలాగా లేవడానికి కారణం అదే. ఆ సర్దుబాటును ఆపే వీలున్న రికార్డింగ్ యాప్ వాడండి. ఇక మన ఒత్తక్షరాలు. భ, ఫ, ధ పలికినప్పుడు నోట్లోంచి గాలి దెబ్బలా వస్తుంది. ఫోనును నోటికి సూటిగా కాకుండా దవడ వైపుకు జరిపి పెట్టి "భయపడకు" అని నాలుగుసార్లు చెప్పించి వినండి. బుడుక్కుమని కొడితే ఇంకా జరపండి.

ముఖ్యమైనది ఒకటి: ఇద్దరి మధ్య సంభాషణ ఉంటే ఇద్దరినీ ఒకేసారి రికార్డు చేయండి. మీరు ఒక్కొక్కరి మాటలూ విడివిడిగా చదివించి అతికించినట్లున్నారు. ఎదుటివాడి మాట ఇంకా పూర్తి కాకుండా అందుకోవడం, మధ్యలో "ఊఁ" అనడం, ఊపిరి పట్టడం, ఇవన్నీ ఎదురుగా మనిషి ఉంటేనే వస్తాయి. కాగితం మీద మీరు రాసిన "ప్రయాణికులు దయచేసి ఎవరూ కిందికి దిగవద్దు" అనే వాక్యాన్ని ఆ అబ్బాయి నోటికి అలవాటైన తీరులో చెప్పనివ్వండి. అర్థం మారకపోతే చాలు, మీ వాక్యం పోతే పోనివ్వండి. నాకూ మొదట్లో కష్టంగానే ఉండేది.

అన్నీ అయ్యాక ఒక నిమిషం పాటు అందరినీ అక్కడే నిలబెట్టి, ఎవరూ కదలకుండా ఖాళీ గదిని రికార్డు చేయండి. ఆ గది మౌనం ఎడిటింగులో మీకు ప్రతి పావుగంటకోసారి అవసరం పడుతుంది.

ఇప్పుడు మీ 43 చప్పుళ్లు. మూడో నిమిషంలో దీర్ఘంగా, ఏడుపులాగా కూసిన పక్షి ఉంది చూడండి, పిల్లలు బాగా ఇష్టపడి పెట్టి ఉంటారు. అది లూన్ అనే పక్షి. ఉత్తర అమెరికా సరస్సుల్లో ఉంటుంది. అడవి రాత్రి అనగానే సినిమా వాళ్లు దాన్నే వాడి వాడి ప్రపంచమంతా అలవాటు చేశారు. నల్లమలలో అది కూస్తే అటవీ శాఖ వాళ్లు పరుగెత్తుకొస్తారు. దాని బదులు నైట్‌జార్ గొంతు వెతకండి, గోళీ నేల మీద పడి ఎగిరెగిరి ఆగినట్లు టక్ టక్ టకటక అంటుంది. లేదంటే చుక్కల దుప్పి హెచ్చరిక అరుపు ఒక్కటి, దూరం నుంచి, ఒకే ఒక్కసారి. అది విని కండక్టర్ మాట ఆపితే చాలు, పులి పేరు ఎత్తనక్కర్లేదు.

అన్నట్టు, మీ బస్సు అర్ధరాత్రి ఆగింది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పులుల అడవిలోకి వదలరు కదా. దేవరకొండలో వినేవాళ్లకు ఇది తెలుసు, మొదటి నిమిషంలోనే అడుగుతారు. సాయంత్రం ఏడున్నరకు ఆపండి. "తొమ్మిదైతే ఇటు ఇంకో బండి కూడా రాదు" అనే మాట కండక్టర్‌కు దొరుకుతుంది. మీ కథకు భయం ఫ్రీగా వచ్చింది.

చప్పుడు ఉండాలా వద్దా అన్నదానికి నేను వాడే పరీక్ష ఒకటే. ఆ చప్పుడుకు పాత్రల్లో ఎవరి గొంతైనా మారుతోందా? మారకపోతే తీసేస్తాను. ఆ లెక్కన మీ జాబితాలో నాకు 11 మిగిలాయి. మిగిలినవాటిలో కూడా సగం ఇంట్లోనే చేసుకోవచ్చు. అడవిలో అడుగుల చప్పుడుకు మీరు దించుకున్న ఫైలు మంచు మీద బూట్లు నడిచినట్లు ఉంది. కిరాణా కొట్టులో ఎండు మోదుగ విస్తర్ల కట్ట కొని, విప్పి, గోనెసంచి మీద పరిచి, చెప్పులతో మెల్లగా తొక్కండి. మడమ ముందు, వేళ్లు తర్వాత, రెండు చప్పుళ్లు వేరుగా పడాలి. నడిచే మనిషి భయపడుతుంటే వేళ్ల చప్పుడు ఆలస్యంగా రావాలి. బస్సు తలుపుకు పాత ట్రంకు పెట్టె మూత, సీటుకు రెగ్జిన్ సంచి, చినుకులకు చేటలో బియ్యం. చిన్న మంటకు బిస్కెట్ పొట్లం కవరును చెవి దగ్గర నలిపినట్లు మైకు దగ్గర నలపండి. దించుకోక తప్పనివాటికి ఫ్రీసౌండ్ సైటు మంచిదే, ఒక్కో ఫైలు పక్కన ఏ షరతు మీద ఇచ్చారో రాసి ఉంటుంది, పేరు చెప్పమంటే చివర్లో చెప్పండి. సినిమా నేపథ్య సంగీతం జోలికి మాత్రం పోకండి.

కీచురాళ్ల విషయంలో జాగ్రత్త. చాలా రకాల కీచురాళ్ల అరుపు 4,000, 5,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. హల్లులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి వినిపించేది కూడా 2,000 నుంచి 5,000 మధ్య భాగమే. రెండూ ఒకే సీటు కోసం కొట్టుకుంటాయి. మీ అవ్వ మాటల్లో "చ", "శ" తేడా తెలియకపోవడానికి ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మీ కీచురాళ్లు మింగేశాయి. అడవి ట్రాకులో ఆ భాగాన్ని ఈక్వలైజర్‌తో (ఏ శ్రుతి ఎంత వినపడాలో సర్దే మీట) లోతుగా తగ్గించండి, మొత్తం ట్రాకును గొంతు కంటే 20 డెసిబెల్స్ కింద ఉంచండి. ఇంజిన్‌ది దీనికి ఎదురు సమస్య. ఫోను స్పీకర్లు 300 హెర్ట్జ్ కిందికి దాదాపు పలకవు, మీరు కష్టపడి పెట్టిన గంభీరమైన ఇంజిన్ రొద ఫోనులో వినేవాడికి లేనే లేదు. అతనికి బస్సు అంటే అద్దాల దడదడ, కడ్డీల కిర్రు. అవి రికార్డు చేసుకుని రండి.

ఎడిటింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు చాలు, 2000 నుంచి ఉచితంగా దొరుకుతోంది, మన పనికి ఏ లోటూ లేదు. ముందు గొంతులు మాత్రమే పేర్చండి. ఒక్క చప్పుడు కూడా లేకుండా మొదటి నుంచి చివరిదాకా విని, కథ అర్థమవుతోందా, భయం వేస్తోందా చూడండి. అది కుదిరేదాకా రెండో ట్రాకు తెరవకండి. హోరును తగ్గించే నాయిస్ రిడక్షన్ అనే మీట మీద పిల్లలకు మోజు ఎక్కువ. మీరు దాన్ని పూర్తిగా తిప్పేశారు, అందుకే గొంతులు బిందెలోంచి వస్తున్నట్లున్నాయి. తెలుగుకు దానితో ఇంకో నష్టం ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి "ఉ" చాలా మెత్తగా ఉంటుంది. సాఫ్ట్‌వేరు దాన్ని రొద అనుకుని తినేస్తుంది. మీ డ్రైవర్ "వస్తున్నాడు" అంటే నాకు "వస్తున్నాడ్" అని వినిపించింది. 6 డెసిబెల్స్ దాటకండి. మిగిలిన కాస్త హోరు ఉండనివ్వండి, బస్సు చప్పుడు కింద దాక్కుంటుంది.

టేపు కాలంలో సెకనుకు 19 సెంటీమీటర్ల టేపు నడిచేది. అర సెకను విరామం కావాలంటే గది మౌనం ఉన్న టేపులోంచి తొమ్మిదిన్నర సెంటీమీటర్లు కోసి అతికించేవాళ్లం. మెడలో దండల్లాగా మౌనం ముక్కలు వేలాడేవి. బ్లేడుతో ఏటవాలుగా కోసేవాళ్లం, అలా అయితే అతుకు దగ్గర టిక్కుమనదు. ఇప్పుడు ఆ ఏటవాలు కోత పనినే మీరు పది మిల్లీసెకన్ల ఫేడ్‌తో (ధ్వనిని క్రమంగా తగ్గించడం, పెంచడం) చేస్తారు. ప్రతి అతుకుకూ వేయండి. మౌనాన్ని చేత్తో కొలిచిన అలవాటు వల్ల నాకు ఇప్పటికీ విరామాల మీదే ధ్యాస.

ఆ అలవాటుతోనే మీ ఇంజిన్ ఆగే ఘట్టాన్ని నేనైతే ఎలా పేరుస్తానో చెబుతాను. రొదలో అవ్వ మాట మొదలవుతుంది. ఇంజిన్ రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగుతుంది. అద్దాల దడదడ మాత్రం వెంటనే ఆగకూడదు, బండి ఇంకా దొర్లుతోంది కదా. రెండు సెకన్లు అది మెల్లబడుతూ, చక్రాల కింద కంకర నలిగి, అప్పుడు ఆగాలి. అవ్వ "బిడ్డా" ఈ రెండింటి మధ్య పడాలి. తర్వాత ఒకటిన్నర సెకను గది మౌనం తప్ప ఏమీ వద్దు. కీచురాళ్లను వెంటనే మొదలుపెట్టకండి. రొద ఆగిన క్షణంలో చెవి ఇంకా దిమ్మెక్కి ఉంటుంది, అడవి మెల్లగా తెరుచుకుంటుంది. నాలుగు సెకన్లలో వాటిని సున్నా నుంచి పైకి తీసుకురండి. అవి పూర్తిగా వచ్చాక, వేడి ఇంజిన్ చల్లారుతూ చేసే టిక్ టిక్. ఒక డబ్బా రేకు మూతను బొటనవేలితో నొక్కి వదిలితే ఆ చప్పుడు వస్తుంది. అప్పుడు డ్రైవర్ తాళం తిప్పడం. అంతదాకా ఎవరూ మాట్లాడవద్దు. మీ ఫైల్లో ఇదే చోట పదకొండు సెకన్లలో తొమ్మిది వాక్యాలున్నాయి.

చివరి పనులు తొందరగా: గొంతులను స్టీరియోలో అటూ ఇటూ జరపకండి, ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లకు సగం పాత్రలు మాయమవుతాయి. గట్టి మాటకూ మెల్లని మాటకూ తేడాను తగ్గించే కంప్రెషన్ 3:1 దాటవద్దు. మొత్తం ఫైలును స్టీరియో అయితే మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (మొత్తం మీద చెవికి తెలిసే గట్టితనం కొలత), మోనో అయితే మైనస్ 19కి తెచ్చి, గరిష్ఠ స్థాయి మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి. ఎంపీ3గా 128 కేబీపీఎస్ (ఫైలు నాణ్యతను, సైజును నిర్ణయించే అంకె) చాలు, నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, మీ కథ 13, 14 ఎంబీల్లో ఒదుగుతుంది.

తయారైందనుకున్నాక కథ తెలియని మనిషికి, ఏదో పని చేసుకుంటుండగా వినిపించండి. నాకు మా పెద్దమ్మ ఉండేది. చేటలో బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది, అభిప్రాయం అడిగితే "బాగుంది నాయనా" అనేది ఎప్పుడూ. నేను ఆమె మాట వినేవాడిని కాదు, ఆమె వేళ్లు చూసేవాడిని. వేళ్లు ఎక్కడ ఆగాయో కాగితం మీద రాసుకునేవాడిని. ఆగాల్సిన చోట ఏరుతూనే ఉంటే మళ్లీ కత్తిరింపుకు కూర్చునేవాడిని.

మీ ఇంజిన్ ఆగే సన్నివేశాన్ని మాత్రం మళ్లీ రికార్డు చేసి పంపండి, మిగతాది తర్వాత చూద్దాం. ఒక్క మాట, అవ్వ పాత్ర వేసిన ఆ అమ్మాయిని ఎట్టి పరిస్థితిలోనూ మార్చకండి. తొమ్మిదో నిమిషంలో ఆమె సంచిలో మందుల చీటీ వెతుకుతూ, దొరకక, మాట మధ్యలో ఊరికే ఊపిరి వదిలింది. మీరు దాన్ని పొరపాటు అనుకుని సగం కత్తిరించారు, అతుకు వినపడుతోంది. అసలు ఫైలు ఇంకా ఉంటే ఆ ఊపిరిని తిరిగి పెట్టేయండి.